గుర్రుమనడం మాన్పించి చేతులు కాల్చుకున్న కథ

మొన్న గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు గుమ్మం దగ్గర బండ దించి, లోపలికి తొంగిచూసి, "అన్నా, గా కుక్కేనా ఇది?" అన్నాడు. హాల్లో మూల చాప మీద కూర్చుని ఉంది మా తేగ. హాయిగా కూర్చుందని చెప్పను, ఒళ్లంతా బిగబట్టి, చెవులు వెనక్కి పెట్టి, చూపు బండ మీద నుంచి తిప్పకుండా కూర్చుంది. అయినా కూర్చుంది కదా. మూడేళ్ల కిందట ఇదే కుర్రాడు ఇంకా రెండో అంతస్తు మెట్ల మీద ఉండగానే తలుపు చీల్చేస్తుందేమో అన్నట్టు ఎగబడేది. అతను బండ బయటే వదిలేసి, డబ్బులు ఫోన్లో కొట్టమని అరిచి దిగిపోయేవాడు. ఖాళీ బండ మోసుకుంటూ నేను వెనకాల పడేవాణ్ని.

"మస్తు మారింది. ఏ ట్రైనర్‌కి ఇచ్చిన్రు?" అన్నాడు.

ఈ ఏడాదిలో ఈ ప్రశ్న చాలామంది అడిగారు. మెట్ల మీద నిలబడి చెప్పేంత చిన్న కథ కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను ట్రైనర్ని కాదు, డాక్టర్ని అసలే కాదు. ఒక పిరికి కుక్కని తెచ్చుకుని, మొదటి ఏడాదికి పైగా చెయ్యకూడనివన్నీ చేసి, దాని చేత కరిపించుకుని, తర్వాత బుద్ధి తెచ్చుకున్న మనిషిని, అంతే.

తేగ 2021 ఆగస్టులో, మూడు రోజులు వదలకుండా పట్టిన ముసురులో, మా సెల్లార్లో ఎవరిదో పాత కారు కింద దొరికింది. నాలుగైదు నెలలుంటాయని డాక్టరు గారు పళ్లు చూసి చెప్పారు. సన్నగా, పొడుగ్గా, మట్టి రంగులో ఉన్న దాన్ని చూసి అమ్మ "తంపటేసిన తేగలా ఉందిరా" అంది. తేగంటే తాటి టెంక పాతితే వచ్చే మొలక, కాల్చుకుని తింటారు. అమ్మది తణుకు వైపు, సంక్రాంతికి తేగలు దొరక్కపోతే ఆవిడకి పండగ జరిగినట్టే ఉండదు. పేరు అలా పడింది. సికింద్రాబాద్‌లో కుక్కకి తేగ అని పేరు పెడితే సగం మందికి తేగంటే ఏంటో చెప్పుకుంటూ తిరగాలని అప్పుడు తట్టలేదు.

వచ్చిన కొత్తలో రెండు వారాలు మంచం కింద నుంచి బయటికి రాలేదు. కుక్కర్ విజిల్ వేస్తే ఒంటేలు పోసేసేది. చీపురు చూస్తే గోడకి అతుక్కుపోయేది. చూసినవాళ్లందరూ "పాపం, ఎవరో బాగా కొట్టుంటారు" అనేవాళ్లు, నేనూ అదే నమ్మాను. కొట్టి ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఉండే వయసు చాలా కీలకం. ఆ రోజుల్లో ఏవి చూసిందో, ఏవి విందో, ఎవరి చేతులు తగిలాయో అవన్నీ "ఇవి మామూలువే" అనే ఖాతాలో పడతాయి. అప్పుడు తగలనివన్నీ తర్వాత అనుమానంగా కనిపిస్తాయి. తల్లి పిరికిదైతే పిల్లలకీ ఆ గుణం కొంత వస్తుంది. కాబట్టి చీపురు చూసి వణికే ప్రతి కుక్కా చీపురు దెబ్బలు తిన్నదే కానక్కర్లేదు, అసలు జీవితంలో చీపురే చూసుండకపోవచ్చు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "దాన్ని ఎవరో హింసించారు" అనుకుంటూ జాలిపడటంతోనే నాకు ఏడాది గడిచిపోయింది, చెయ్యాల్సిన పని మొదలే పెట్టలేదు.

ఎనిమిదో నెల దాటాక మొరగడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే నేను సంబరపడ్డాను. మంచం కింద దాక్కున్న పిల్ల తలుపు దాకా వెళ్లి అరుస్తోందంటే ధైర్యం వచ్చిందనే అనుకున్నాను. కాపలాకి పనికొస్తుందిలే అని తమ్ముడు కూడా అన్నాడు.

అది ధైర్యం కాదని తెలియడానికి చాలాకాలం పట్టింది. కుక్క వైపు నుంచి చూడండి. తలుపు దగ్గరికి ఎవడో వచ్చాడు, భయమేసింది, మొరిగింది, వాడు వెళ్లిపోయాడు. కొరియర్ అబ్బాయి ఎలాగూ వెళ్లిపోతాడని, అతని సంచిలో ఇంకా నలభై పార్శిళ్లున్నాయని దానికేం తెలుసు? తన అరుపుకే పారిపోయాడనుకుంటుంది. రోజుకి రెండుసార్లు, ఏడాది పొడుగునా, ఒక్కసారి కూడా తప్పకుండా పనిచేసిన ఉపాయాన్ని మీరైనా నేనైనా ఎందుకు వదులుకుంటాం? అది మొరిగే కొద్దీ మొరుగుడు ముదిరింది. తలుపు నుంచి లిఫ్టుకి, లిఫ్టు నుంచి రోడ్డుకి పాకింది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, చేతిలో కర్ర ఉన్నవాళ్లు, గొడుగు వేసుకున్న పెద్దావిడ, స్కూలు బ్యాగులతో పరిగెత్తే పిల్లలు, ఎవరు కనిపించినా బెల్టు తెంపుకునేంత ఎగబడేది.

అప్పుడు తెలిసినవాళ్లు చెప్తే ఒక ట్రైనర్ని పెట్టాం. ఎవరన్నది అనవసరం. ఇంటికొచ్చి, ఐదు నిమిషాలు చూసి, "సార్, ఇది మిమ్మల్ని లీడర్‌గా ఒప్పుకోవట్లేదు" అని తేల్చాడు. మెడకి బిగుసుకునే గొలుసు తెచ్చాడు. అది గుర్రుమంటే ఒక్క లాగు. మళ్లీ గుర్రుమంటే ఇంకాస్త గట్టిగా. దానికంటే ముందు మనం తినాలి, తలుపులోంచి ముందు మనం దాటాలి, సోఫా ఎక్కనివ్వకూడదు, భయపడినప్పుడు దగ్గరికి తీసుకోకూడదు. నాలుగు వారాల్లో తేగ గుర్రుమనడం మానేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. డబ్బులకి న్యాయం జరిగిందనుకున్నాను. అమ్మ మాత్రం రెండు మూడు సార్లు "ఒరే, దాని మొహం చూడు, అదేం బాగాలేదు" అంది. నేను పట్టించుకోలేదు, ట్రైనర్ కంటే అమ్మకి ఎక్కువ తెలుసా అనుకున్నాను.

2022 దీపావళి వారం. తమ్ముడి స్నేహితుడు ఒకడు సాయంత్రం ఇంటికొచ్చాడు, హెల్మెట్ చేతిలో వేలాడుతోంది. అప్పటికే వీధిలో పొద్దుట్నుంచీ టపాకాయలు పేలుతున్నాయి. తేగ డైనింగ్ టేబుల్ కింద ఉంది. అతను మంచి మనిషే, కుక్కలంటే ఇష్టం కూడా, వంగి "హాయ్ రా" అంటూ చెయ్యి చాపాడు. ఎందుకైనా మంచిదని దాన్ని బయటికి లాగుదామని నేను మెడ పట్టీ పట్టుకున్నాను. అప్పుడు అది ఒక్కసారి నా వైపు చూసింది. తల తిప్పలేదు, కళ్లు మాత్రమే తిప్పింది, ఆ కనుకొసల్లో తెల్లగుడ్డు చంద్రవంకలా కనిపించింది. నోరు మూసుకుని ఉంది. ఊపిరి కూడా ఆపేసినట్టుంది. నాకది అర్థమయ్యేలోపు నా అరచెయ్యి దాని నోట్లో ఉంది. ఒక్క శబ్దం చెయ్యలేదు. గుర్రుమనలేదు, పళ్లు చూపించలేదు. కరిచి వదిలేసి, నాకంటే ఎక్కువగా వణుకుతూ ఫ్రిజ్ వెనక్కి దూరింది.

నాలుగు గాట్లు పడ్డాయి. కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. ఈ ఒక్క పనీ ఎవరూ అశ్రద్ధ చెయ్యకండి, పసుపూ కాఫీపొడీ అద్దకుండా నీళ్లూ సబ్బూ వాడండి. తేగకి రేబిస్ టీకా వేయించే ఉంది, అయినా డాక్టరు వేయించుకోమన్నారు కాబట్టి అదే రోజు మొదలుపెట్టి 3, 7, 14, 28 రోజులకి మిగతా డోసులూ పూర్తి చేశాను. ఇంట్లో కుక్కే కదా అని చాలామంది మధ్యలో మానేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం, అక్కడ లెక్కలు వేసుకోకూడదు.

ఆ వారమంతా ఎడం చేత్తో అన్నం తింటూ ఒకటే ఆలోచించాను. అది ఇంతకుముందు గుర్రుమనేది. "నాకు భయంగా ఉంది, దగ్గరికి రావద్దు" అని దానికి చేతనైన భాషలో చెప్పేది. ఆ మాటన్నప్పుడల్లా మెడ బిగించి నోరు మూయించాను. భయం ఎక్కడికీ పోలేదు, చెప్పడం మాత్రం మానేసింది. కుక్కర్ మోతకి విసుగొచ్చి విజిల్లో గుడ్డ కుక్కితే ఏమవుతుందో అదే అయింది. ఇప్పటికీ ఎవరైనా "మా కుక్క గుర్రుమంటే ఒక్కటిచ్చాను, అంతే, మళ్లీ నోరెత్తలేదు" అని గొప్పగా చెప్తే నా అరచెయ్యి చూపిస్తాను.

ఈ లీడర్ గోల ఎక్కడిదా అని తర్వాత వెతికితే కథ తమాషాగా ఉంది. రుడోల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో, బాసెల్ జూలో ఒకే ఆవరణలో పెట్టిన తోడేళ్లు కొట్టుకోవడం చూసి 1947లో రాసిన దాంట్లో దీని మూలం ఉంది. డేవిడ్ మెక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లో తన పుస్తకంతో 'ఆల్ఫా', అంటే మంద మీద పెత్తనం చేసే తోడేలు, అనే మాటని జనంలోకి తీసుకెళ్లాడు. తర్వాత ఆయనే అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించి, మంద అంటే చాలావరకు అమ్మా నాన్నా పిల్లలున్న కుటుంబమే, పెత్తనం కోసం పోరాటం అనే బొమ్మ తప్పు అని 1999లో రాశాడు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తలని అడిగాడు కూడా. అమెరికాలో జంతువుల ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2008లోనే కుక్కల మీద ఈ పెత్తనం పద్ధతి వద్దని ప్రకటన ఇచ్చింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లకి మా ట్రైనర్ మా హాల్లో నిలబడి లీడర్ లీడర్ అంటున్నాడు. తప్పు చెప్పినాయన మాట వెనక్కి తీసుకున్నా మాట మాత్రం ఊళ్లు తిరుగుతూనే ఉంది.

కరిచాక తేగని మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నేను ట్రైనింగ్ గురించి అడుగుతుంటే ఆవిడ ముందు చెవులు చూశారు. కుడి చెవిలో ఇన్ఫెక్షన్, లోపలంతా ఎర్రగా ఉంది. మెడ పట్టీ లాగినప్పుడల్లా ఎంత నొప్పి పుట్టిందో. "ముందు నొప్పి సంగతి చూడండి, నడత తర్వాత చూద్దాం" అన్నారు. పళ్లు, కీళ్లు, చెవులు, పిడుదుల జ్వరం, ఇవేవీ లేవని తేలకుండా 'నా కుక్క మొండిది' అని ముద్ర వెయ్యకండి. మందులు పడ్డాక పది రోజుల్లో సగం చిరాకు తగ్గింది. మిగతా సగానికే మూడేళ్లు పట్టింది.

ఆవిడ చెప్పింది వింటే చాలా చిన్న సంగతి. ఏది చూస్తే దానికి భయమో దాన్ని, భయం పుట్టనంత దూరంలో చూపించాలి. చూసిన వెంటనే దానికి ప్రాణమైన తిండి పెట్టాలి. కనబడకుండా పోగానే తిండి ఆపెయ్యాలి. రోజుకి ఐదు నిమిషాలు. అంతే. వినగానే అంతేనా అనిపించింది. చెయ్యబోతే ఆ 'దూరం' అన్న ఒక్క మాటలోనే మొత్తం పని ఉంది.

మా సెల్లార్లో స్తంభాలకి నంబర్లుంటాయి. వాచ్‌మన్ కుర్చీ ఒకటో స్తంభం దగ్గర. తేగ మూడో స్తంభం దగ్గర నుంచి ఆయన్ని చూస్తే ఎగబడుతుంది. ఐదో దగ్గర బిగుసుకుపోతుంది, చికెన్ ముక్క మూతి దగ్గర పెట్టినా తినదు. ఏడో దగ్గర చూస్తుంది, పెదాలు నాక్కుంటుంది, కానీ తింటుంది. అంటే మా బడి ఏడో స్తంభం దగ్గర. పెట్టింది తినట్లేదంటే దూరం చాలలేదని అర్థం. ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వెయ్యకుండా ఉడకబెట్టిన చికెన్, అప్పుడప్పుడూ కొంచెం లివర్, శనగగింజంత ముక్కలు చేసి స్టీలు డబ్బాలో వేసుకుని దిగేవాణ్ని. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి మంచివి కావు, అందుకే మన కూరలోంచి ముక్క తీసి పెట్టకూడదు. మొదటి నెలలో ఇక్కడే ఇంకో తప్పు చేశాను. వాచ్‌మన్ వస్తున్నాడని నాకు ముందే తెలుస్తుంది కదా, డబ్బా మూత తీసి ముక్క చేతిలో రెడీగా పెట్టుకునేవాణ్ని. రెండు వారాలు తిరిగేసరికి మూత చప్పుడు వింటే చాలు, తినడం మానేసి ఎవరొస్తున్నారా అని నాలుగు వైపులా చూసుకునేది. చికెన్ వచ్చిందంటే వెనకే ప్రమాదం ఉందని నేర్చుకుంది, నేనే నేర్పాను. రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త, చప్పుడైతే తిండి వస్తుందని కుక్కలకి అలవాటు చెయ్యడానికి, తిండికి ముందు చప్పుడు వినిపించాడు గానీ తిండి పెట్టేశాక కాదు. ముందు మనిషి కనబడాలి, తర్వాతే చెయ్యి డబ్బాలోకి వెళ్లాలి. ఆ ఒక్క క్షణం తేడాకి నా నెల రోజుల కష్టం తలకిందులైంది.

ఈ పద్ధతి మొదట పిల్లల మీద పనిచేసిందని చదివినప్పుడు భలే అనిపించింది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ మూడేళ్లు కూడా నిండని పీటర్ అనే పిల్లవాడి గురించి రాసింది. వాడికి కుందేలంటే హడల్, దూదన్నా బొచ్చు కోటన్నా భయమే. వాడు తింటూ ఉండగా బోనులో కుందేల్ని దూరంగా పెట్టి, రోజురోజుకీ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చింది. పన్నెండు అడుగుల దూరాన్ని ఓర్చుకున్నాడు, తర్వాత నాలుగు, తర్వాత మూడు, చివరికి కుందేలు వాడి వేళ్లు కొరుకుతున్నా కూర్చున్నాడు.

అది చదువుతుంటే నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు లష్కర్ బోనాలంటే నాకు ఒకటే భయం, పోతరాజు గురించి. ఒళ్లంతా పసుపు, నడుముకి వేపమండలు, చేతిలో కొరడా, ఆ డప్పుల మోతలో గిర్రున తిరుగుతూ మన వైపే వస్తున్నట్టుండేది. చుట్టాల్లో మగాళ్లు "ఏమైతదిరా, మొగోడివి కాదా" అంటూ ముందుకి తొయ్యబోతే నానమ్మ నన్ను లాక్కుని డాబా ఎక్కేది. పిట్టగోడ వెనక నిలబెట్టి, కొంగులోంచి పుట్నాలూ బెల్లం ముక్కా తీసి నా చేతిలో పోసేది. పోతరాజు మలుపు తిరిగి వెళ్లిపోయేదాకా తింటూ చూసేవాణ్ని. మరుసటేడు అరుగు మీద నుంచి చూశాను. ఆ పై ఏడు గేటు దగ్గర. పదేళ్లొచ్చేసరికి నేనే పిల్లల్ని వెంటేసుకుని ఊరేగింపు వెనక ఎగిరాను. నానమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. తేగకి నేను వెతకాల్సింది ఆ డాబానే అని అప్పుడు బుర్రకెక్కింది.

ఏడో స్తంభం నుంచి ఒకటో స్తంభానికి రావడానికి ఐదు నెలలు పట్టింది. రోజూ ముందుకే పోలేదు. వాచ్‌మన్ పాపం రోజూ సహకరించేవాడు, "సార్, ఈరోజు కర్ర పట్టుకోవాల్నా, వద్దా?" అని అడిగేవాడు. కర్రతో వాచ్‌మన్ వేరు, కర్ర లేని వాచ్‌మన్ వేరు, దానికి ఇద్దరు మనుషులు. నిలబడ్డ మనిషి వేరు, నడిచే మనిషి వేరు. ఒకటి మార్చినప్పుడల్లా మళ్లీ వెనక స్తంభానికి వెళ్లాల్సిందే. విసుగొచ్చి ఒకరోజు రెండు స్తంభాలు దూకించాను, వారం వెనక్కి పోయాం.

తినిపించడంతోనే అయిపోలేదు. దానికి ధైర్యం ఎక్కువగా తెచ్చినవి చూడ్డానికి శిక్షణలా కనిపించని పనులు. వాకింగ్‌లో బరబరా లాక్కెళ్లకుండా పొడుగాటి తాడు కట్టి, ఏ కరెంటు స్తంభం దగ్గర ఎంతసేపు వాసన చూస్తానంటే అంతసేపు ఆగడం. గిన్నెలో అన్నం పెట్టడం మానేసి పాత తువ్వాలు మడతల్లో గింజలు దాచి వెతుక్కోమనడం. మొదటిరోజు ఆ తువ్వాలు చూసి కూడా పారిపోయింది, పది రోజులకి దాన్ని నోట్లో పెట్టుకుని ఇల్లంతా ఈడ్చింది. నా అరచేతికి ముక్కు ఆనిస్తే ముక్క ఇవ్వడం కూడా అలాంటిదే. పిల్లాటలా ఉంటుంది గానీ రోడ్డు మీద ఎదురుగా ఏదైనా వస్తే చెయ్యి చాపి అటు నుంచి ఇటు తిప్పుకోవడానికి అదే ఆధారమైంది. ముఖ్యంగా, అది వెనక్కి తగ్గుతానంటే తగ్గనిచ్చాను. "వద్దు" అంటే వినే మనిషి పక్కనున్నాడని తెలిశాక వద్దనడమే తగ్గింది.

చాప సంగతి అమ్మ పుణ్యం. ఊరి నుంచి తెచ్చిన పాత ఈతచాప ఒకటుంటే తలుపుకి దూరంగా హాలు మూల వేసింది. కాలింగ్‌బెల్ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకుని, వినీ వినిపించనంత చిన్నగా పెట్టి, మోగగానే చాప మీద నాలుగు ముక్కలు జల్లేవాళ్లం. బెల్లు మోగితే తలుపు వైపు పోవాలి అనే అలవాటు స్థానంలో బెల్లు మోగితే చాప అనే అలవాటు రావడానికి నాలుగు నెలలు పట్టింది. మొరగకు అని చెప్తే దానికేం చెయ్యాలో తెలియదు, చాప మీదికి పో అంటే తెలుస్తుంది. ఇప్పుడు కిందింట్లో బెల్లు మోగినా పోయి కూర్చుంటుంది, ముక్క ఇవ్వకపోతే నా వైపు చూసే చూపు అప్పులవాడిలా ఉంటుంది.

భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని ట్రైనర్ చెప్పాడు కదా, అది కూడా ఉత్తమాటే. దగ్గరికి తీసుకున్నంత మాత్రాన భయం పెరగదు. అది వచ్చి ఆనుకుంటే ఆనుకోనివ్వండి. దీపావళికి మేం లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, టీవీ వేసి, అమ్మ దాని పక్కన కింద కూర్చుని వత్తులు చేసుకుంటుంది. మనకి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తే వాటికి సుమారు 45,000 దాకా వినిపిస్తుంది, లక్ష్మీబాంబు దాని చెవికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. డాక్టరమ్మ ఆ రెండు రోజులకి ఒక మాత్ర రాసిస్తారు. మెడికల్ షాపులో అడిగి మత్తు మాత్ర వెయ్యకండి, కొన్నిటితో కాళ్లు కదలవు గానీ భయం అలాగే ఉంటుంది, అంతకంటే నరకం లేదు. కొన్ని కుక్కలకి రోజూ వేసే మందులు కూడా అవసరమవుతాయి, అవి పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. మందు వాడటం ఓడిపోవడమేమీ కాదు. నోరు పెగలనంత భయంలో ఉన్న పిల్లవాడికి ఎక్కాలు ఎక్కవు కదా.

మనుషులతోనే కష్టం ఎక్కువ. తేగతో రోడ్డు మీద నడుస్తుంటే రెండు రకాల వాళ్లు ఎదురొస్తారు. "కట్టేసుకోవచ్చు కదండీ" అని అరిచేవాళ్లు ఒక రకం, వాళ్లతో నాకు పేచీ లేదు. పిల్లల్ని వీధికుక్కలు కరిచిన వార్తలు రోజూ చదువుతూ వాళ్లు భయపడటంలో తప్పేముంది? ఆ భయం కూడా తేగ భయం లాంటిదే, దూరం ఇస్తే తగ్గుతుంది. నాకు టెన్షన్ పుట్టించేది రెండో రకం. "కుక్కలు నన్నేం చెయ్యవండీ, మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవి" అంటూ నేను వద్దన్నా వినకుండా వచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టే అంకుల్స్. వాళ్ల కోసమే మజిల్, అంటే కరవకుండా కుక్క మూతికి తొడిగేది, బుట్ట లాంటిది కొన్నాను. మూతి బిగించి కట్టే గుడ్డ రకం వద్దు, దాంట్లో నోరు తెరిచి రొప్పలేదు, మన ఎండలకి ప్రమాదం. బుట్ట రకంలో నీళ్లూ తాగుతుంది, ముక్కా తింటుంది. లోపల పెరుగు రాసి దాని అంతట అదే మూతి పెట్టేదాకా మూడు వారాలు ఆగాను. ఇప్పుడది తీస్తే వాకింగ్ అని అర్థమై తోక ఊపుతుంది. మజిల్ చూస్తే అంకుల్స్ కూడా దగ్గరికి రారు, నాకు అంతకంటే ఏం కావాలి.

తోక అన్నాను కాబట్టి, తోక ఊపితే ప్రేమే అనుకోకండి. నిటారుగా లేపి చిన్నగా, బిగుసుగా ఊపే తోక వేరు, నడుముతో సహా ఊగే తోక వేరు. నిద్ర రాకుండా ఆవలించడం, తినకుండానే పెదాలు నాక్కోవడం, తడవకపోయినా ఒళ్లు విదిలించుకోవడం, ఉన్నట్టుండి శిల్పంలా ఆగిపోవడం, ఇవన్నీ గుర్రు కంటే ముందు వచ్చే మాటలు. ఇవి వింటే గుర్రు దాకా రాదు. తేగ మళ్లీ గుర్రుమనడం మొదలుపెట్టింది, 2023 వేసవిలో. మా మావయ్య దాని చాప మీద కాలు పెట్టబోతే చిన్నగా, గొంతులోనే. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. మావయ్య కాలు తీసేశాడు, అది తల కింద పెట్టుకుంది, అంతే. కుక్క గుర్రుమంటే మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో మావయ్యకి ఇప్పటికీ తెలియదు.

వినాయక నిమజ్జనం రోజుల్లో ఇప్పటికీ వెనక్కి పోతుంది. తీన్మార్ మోత, కొత్త మనుషులు, ట్రాక్టర్లు, అన్నీ ఒకేరోజు మీద పడితే మామూలుగా ఓర్చుకునే పాలవాడి మీద కూడా ఎగబడుతుంది. ఆ వారం పాఠాలుండవు, తెల్లవారుజామున నాలుగింటికి వాకింగ్, మిగతా రోజంతా ఇల్లు. రెండు వారాల్లో మళ్లీ దారిలో పడుతుంది. ఎవరొచ్చినా ఒళ్లో ఎక్కే కుక్క ఇది ఎప్పటికీ కాదు, అలా అవ్వాలని నేనిప్పుడు అనుకోవట్లేదు కూడా. చుట్టాలు వచ్చినప్పుడు అమ్మ ముందే చెప్పేస్తుంది, "దాన్ని చూడొద్దు, పిలవొద్దు, ముట్టుకోవద్దు. టీ తాగండి."

హెల్మెట్ ఒక్కటే మిగిలింది. తమ్ముడి హెల్మెట్ ఐదు రోజులుగా హాలు మధ్యలో నేల మీద పెట్టి, చుట్టూ చికెన్ ముక్కలు జల్లుతున్నాం. మొదటిరోజు గుమ్మం దాటి హాల్లోకే రాలేదు. నిన్న ఒళ్లు వీలైనంత వెనకే ఉంచి, మెడ మాత్రం సాగదీసి, అంచున ఉన్న ముక్క తీసుకుని పరిగెత్తింది. ఇవాళ ఇది రాస్తుండగా వెనక టక్‌మని చప్పుడైతే తిరిగి చూశాను. హెల్మెట్ పక్కకి ఒరిగి ఉంది, తల లోపల దూర్చి అడుగున పడిన ముక్క కోసం నాకుతోంది. తమ్ముడు రేపు ఆఫీసుకి ఏం పెట్టుకుని వెళ్తాడో మరి.